ఒక్క టికెట్టు



రెండేండ్ల కిందట ఒక రాత్రి ఆదోని బస్టాండులో హైదరాబాదు బస్సెక్కి, ఒక్క టికెట్టు ఇమ్మని అడిగినాను. కండక్టరు నా వెనక్కి చూసినాడు, ఇంకెవరైనా ఎక్కుతారేమోనని. ఎవరూ లేరు. "ఒకటేనా మేడమ్?" అన్నాడు. ఒకటే అన్నాను. పక్క సీటులో ఉన్నామె నా ఈడుదే, ఎమ్మిగనూరులో దిగే మనిషి. బస్సు ఊరు దాటినాక మెల్లగా అడిగింది.

"యాడికి పోతుండావక్కా?"

"రామోజీ ఫిల్మ్‌సిటీకి."

"పిల్లోల్లు ఆడ పని చేస్తారా?"

"లేదమ్మా. చూసేదానికి పోతున్నా."

ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత నా చేతి మీద చెయ్యేసి, "తోడు ఎవురూ రాలేదా?" అంది. ఆ గొంతులో జాలి ఉంది. ఇంట్లో మాటామాటా అనుకుని బయలుదేరినానని అనుకుందేమో. ఆమెకు సరైన జవాబు చెప్పాలని నాకు మనసులో చాలా ఉండింది. మాటలు కూడదీసుకునే లోపలే ఎమ్మిగనూరు వచ్చేసింది, ముప్పై కిలోమీటర్ల దూరమే కదా. ఆమె సంచి అందుకుని దిగిపోయింది. ఆ రాత్రి ఆమెకు చెప్పలేకపోయిన మాటలు ఈరోజు రేడియోలో చెబుతున్నాను. ఆమె వింటూ ఉంటే బాగుండును.

మన వైపు ఊరు దాటి పోవడమంటే నలుగురితో పోవడమే. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనానికి పోయినా, మంత్రాలయం పోయి తుంగభద్రలో మునిగినా ఇంటిల్లిపాదీ కదలాల్సిందే. ముందురోజు రాత్రే జొన్నరొట్టెలు కాల్చి, బుడ్డల పొడి దంచి, మూటలు కట్టాల్సిందే. అందులో ఉండే సంతోషం నాకు తెలుసు, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కాని ఆ మూట కట్టి, మోసుకొచ్చి, విప్పి అందరికీ వడ్డించి, ముసలివాళ్లకు నీళ్లందించి, చెప్పుల దగ్గర కాపలా కూర్చున్న మనిషి ఆ ఊర్లో ఏం చూసి వచ్చింది? ఆ మాట ఎవరూ అడగరు. ఆమె కూడా తనను తాను అడగదు.

నేను ఎమ్మిగనూరు దగ్గర పల్లె బడిలో పంతులమ్మగా పనిచేసినాను. ఫిల్మ్‌సిటీకి మొదటిసారి పోయింది బడిపిల్లలతో విహారయాత్రకే. పిల్లలు 46 మంది. ఆ రోజు నుంచి నాకు మిగిలింది ఆ అంకె ఒక్కటే. బస్సెక్కేటప్పుడు 46, దిగేటప్పుడు 46, ప్రదర్శన హాల్లోకి పోయేటప్పుడు 46, బయటికొచ్చేటప్పుడు మళ్లీ 46. వేదిక మీద ఏం ఆడినారో, ఏం పాడినారో చెప్పమంటే చెప్పలేను. అంతసేపూ నేను తలకాయలు లెక్కపెడుతూ ఉన్నాను.

ఒకచోట లెక్క 45 వచ్చింది. కాళ్లల్లో సత్తువ పోయింది. పది నిమిషాలు వెతికితే, ఏడో తరగతి పిల్లవాడు ఒకడు తోటలో నిలబడి ఉన్నాడు. ఏనుగు ఆకారంలో పెంచిన మొక్కను తోటమాలి కత్తెర పట్టుకుని సరిచేస్తుంటే చూస్తున్నాడు. రెక్క పట్టుకుని లాక్కొచ్చినాను, నాలుగు మాటలన్నాను. "ఏనుగు చెవి ఎట్ల వంచినారో చూస్తాంటి మేడమ్" అన్నాడు వాడు. ఆ మాట నా చెవిన పడలేదు. వాడి రెక్క పట్టుకుని మళ్లీ 46 లెక్కపెట్టుకున్నాను.

రిటైరయినాక ఒకరోజు ఆ పిల్లవాడు ఊరికే గుర్తొచ్చినాడు. ఆ 46 మందిలో నిజంగా ఏదైనా చూసినవాడు వాడొక్కడేనేమో అనిపించింది. ఏనుగు చెవిని ఎట్లా వంచుతారో నాకూ చూడాలనిపించింది. అదే కారణం. ఇంకే కారణమూ లేదు. ఇంట్లో చెప్పినాను. వాళ్లూ ఒక్కదానివే పోతావా అనే అన్నారు కాని, వద్దనలేదు.

ఎట్లా పోవాలో ముందు చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. రాత్రి బస్సు ఎమ్మిగనూరు, కర్నూలు మీదుగా తుంగభద్ర దాటి, అలంపూర్ చౌరస్తా, బీచుపల్లి దగ్గర కృష్ణ, జడ్చర్ల, అట్లా పోతుంది. తెల్లారేసరికి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్. అక్కడే మెట్రో రైలు ఉంది. ఎల్బీ నగర్ వరకు దాంట్లో పోయి, అక్కడి నుంచి విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్ దాటి పోయే బస్సెక్కాలి. ఆదివారం వద్దు, దసరా సెలవులు వద్దు, సంక్రాంతి వద్దు. మంగళవారమో బుధవారమో పోండి. ఒంటరిగా పోయేవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, నేను చెప్పే జాగ్రత్తలు మూడే. ఎక్కడికి పోతున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి. చేతులు ఖాళీగా ఉండేట్టు చిన్న సంచి ఒక్కటే పెట్టుకోండి. తిరుగు బస్సు ఏదో పొద్దున్నే తెలుసుకుని పెట్టుకోండి, దాంతో సాయంత్రం మనసు నిమ్మళంగా ఉంటుంది.

ఫిల్మ్‌సిటీ 1996లో మొదలైంది. 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో సముదాయమని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఆ రాళ్ల నేలను రూపుదిద్దిన కళాదర్శకుడు నితీశ్ రాయ్. కట్టించిన రామోజీరావు 2024 జూన్‌లో పోయినారు. ఇవన్నీ లోపల గైడు చెప్పేవే. గైడు చెప్పనివి కొన్ని చెబుతాను.

మొదటిది, తొందరపడేవాళ్లను ముందు పోనివ్వండి. గేటు దగ్గర దిగగానే లోపల తిప్పే ఎర్రబస్సుల కోసం గుంపులు గుంపులుగా పరుగెత్తుతారు. ఒక కుటుంబంలో పదిమంది ఉంటే పదిమందికీ సీట్లు దొరకాలి, అది వాళ్ల బాధ. మీకు కావాల్సింది ఒక్క సీటు. ఏ బస్సులోనైనా ఒక సీటు మిగులుతుంది. నేను మొదటి బస్సు పోనిచ్చినాను, రెండోది పోనిచ్చినాను. మూడోదాంట్లో వెనకవైపు కిటికీ దగ్గర కూర్చున్నాను.

వెనకవైపు కిటికీనే ఎందుకంటే, ఎర్రబస్సు సెట్టింగుల ముందు నుంచి పోయేటప్పుడు గైడు ముందువైపు చూడమంటాడు. ముందువైపు ఒక వీధి ఉంటుంది, రైల్వే స్టేషను ఉంటుంది, విమానాశ్రయం ఉంటుంది. బస్సు మలుపు తిరిగినప్పుడు వెనక కిటికీలోంచి ఆ వీధి వీపు కనిపిస్తుంది. ఇనుప గొట్టాలు, చెక్క దూలాలు, రంగు పడని పలకలు, ఒక మూల నిచ్చెన. ముందు చూస్తే మేడ, వెనక చూస్తే ఆ మేడను నిలబెట్టిన ఆధారం. ఒక కట్టడాన్నయితే ఒక పక్క నుంచి ఒకటిగా, ఇంకో పక్క నుంచి ఇంకొకటిగా కనబడేట్టు కట్టినారు. నాకు ముందుకంటే వెనకే ఎక్కువ నచ్చింది. పెండ్లింట్లో మండపం కంటే వెనక వంటల దగ్గర ఎక్కువ సంగతులు తెలుస్తాయి కదా, అట్లా.

బాహుబలి సెట్టింగు దగ్గర దించుతారు. సాబు సిరిల్ తయారుచేసిన మాహిష్మతి. అక్కడ అందరూ ఫొటోలు దిగుతారు. గుంపులో ఉంటే ఫొటోలకే పొద్దు సరిపోతుంది. నేను ఒక స్తంభం మీద అరచెయ్యి పెట్టి నిలబడినాను. మాది ఆదోని. చిన్నప్పటి నుంచి కోట గుండ్ల మీద ఎక్కి దిగిన చేతులు ఇవి. విజయనగర రాజులు బలపరిచి, బిజాపూర్ సుల్తానులు పట్టుకుని, సిద్ది మసూద్‌ఖాన్ ఏలిన కోట అది. ఎండాకాలం పొద్దున ఆ రాయి ఎంత చల్లగా ఉంటుందో, మిట్టమధ్యాహ్నం ఎట్లా కాలుతుందో చేతికి తెలుసు. మాహిష్మతి స్తంభానికి ఆ చల్లదనమూ లేదు, ఆ వేడీ లేదు. వేలి కణుపుతో తట్టితే డొల్లగా పలికింది. కంటికి మాత్రం అది అచ్చం రాయే. రాతి మీద వాన కారి నల్లబడిన చార కూడా ఉంది. ఆ చారను ఎవరో ఒక మనిషి కుంచె పట్టుకుని వేసినాడు. వానచార రాతి మీద ఏ వైపు నుంచి దిగుతుందో, ఎక్కడ పలచబడుతుందో ఆ మనిషి ఎన్నాళ్లు చూసి ఉంటాడు? ఆ చార దగ్గర నేను చాలాసేపు ఉన్నాను. నన్ను పిలిచేవాళ్లు లేరు కాబట్టి ఉండగలిగినాను.

ఇంకొకటి చెబుతాను, ఇది ఎవరూ చెయ్యరు. ఒకే ప్రదర్శన రెండుసార్లు చూడండి. సినిమా ఎట్లా తీస్తారో చూపించే ప్రదర్శన ఒకటుంది అక్కడ. జనంలోంచి ఒక అమ్మాయిని పిలిచి, షోలే సినిమాలో బసంతి టాంగా తోలే ఘట్టం చేయిస్తారు. గుర్రం ఉండదు, రోడ్డు ఉండదు. బండిని మాత్రం ఊపుతారు. తర్వాత ఇంకొంతమంది చేత చప్పుళ్లు చేయిస్తారు. చివరికి అంతా కలిపి తెర మీద వేస్తే టాంగా దడదడలాడుతూ పోతుంది, హాలంతా చప్పట్లు. మొదటిసారి నేనూ అందరిలాగే తెరను చూసినాను. రెండోసారి పోయి తెరను చూడలేదు, చప్పుళ్లు చేసే చేతులను చూసినాను. ఏ చప్పుడు ఏ వస్తువు నుంచి వస్తుందో, చెయ్యి ఎంత ముందుగా కదిలితే అడుగు సరిగ్గా పడుతుందో చూసినాను. సినిమావాళ్లు ఈ పనిని ఫోలీ అంటారు. హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోలో జాక్ ఫోలీ అని ఒకాయన ఈ పనికి దారి వేసినాడు, ఆయన పేరే పనికి నిలిచింది. గుర్రపు డెక్కల చప్పుడుకు కొబ్బరిచిప్పలు వాడడం పాత పద్ధతి. కొబ్బరిచిప్పలు రెండు మీ ఇంట్లోనూ ఉంటాయి. బండమీద ఒకసారి కొట్టి చూడండి, కళ్లు మూసుకుంటే గుర్రం వస్తుంది.

ఎమ్మిగనూరువాళ్లకు చేతుల పనిని గమనించే ఈ చూపు కొత్త కాదు. 1938లో పద్మశ్రీ మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. గుంటమగ్గం ఉన్న ఇంటికి చుట్టంగా పోతే, మాటలు మాట్లాడుతూనే ఎవరైనా నాడె వంక చూస్తారు. పడుగు పోగు తెగితే నేసే మనిషి చెయ్యి ఆగి, వేళ్లతోనే తెగినచోటు వెతికి, ముడి వేసి, మళ్లీ కదులుతుంది. ఆ ముడి చీరలో ఎవరికీ కనబడదు. దాన్ని చూసినవాళ్లకు సినిమా చప్పుడు ఎట్లా పుడుతుందో చూడాలని ఎందుకు ఉండదు? ఉంటుంది. తీరిక లేక చూడలేదు, అంతే.

మధ్యాహ్నం ఎండ ఎక్కినప్పుడు భోజనాలకు పెద్ద వరస ఉంటుంది. ఆ గంట తోటలకు మంచిది. సీతాకోకచిలుకల తోట, పక్షుల తోట, మరుగుజ్జు చెట్ల తోట ఉన్నాయి. గుంపులు వీటిని పది నిమిషాల్లో చుట్టేస్తాయి. పక్షుల దగ్గర పది నిమిషాలకు ఏమీ కనబడదు. జనం వచ్చినప్పుడు పక్షులు కొసలకు పోతాయి, జనం పోయినాక ఒక్కొక్కటే దిగి వస్తాయి. ఒక బెంచీ చూసుకుని కూర్చుని, ఫోను సంచిలో పెట్టి, పావుగంట కదలకుండా ఉండండి. మొదటి ఐదు నిమిషాలు కష్టంగా ఉంటుంది. ఏదో పని మరిచిపోయినట్టు చేతులు వెతుక్కుంటాయి. నా చేతులు పిల్లల తలకాయలను వెతుక్కున్నాయి, లెక్కపెట్టేదానికి. ఆ ఐదు నిమిషాలు దాటితే తర్వాత అంతా సుఖమే.

బెంచీ అన్నాను కాబట్టి ఒక కథ చెప్పాలి. అమెరికాలో లాస్ ఏంజెల్స్ ఊర్లో గ్రిఫిత్ పార్కు అని ఉంది. వాల్ట్ డిస్నీ సెలవురోజున తన ఇద్దరు కూతుళ్లను అక్కడికి తీసుకుపోయేవాడు. పిల్లలు రంగులరాట్నం గుర్రాలెక్కి తిరుగుతుంటే తాను బెంచీ మీద ఒక్కడే కూర్చుని వేరుశనగకాయలు తినేవాడు. మన మాటలో చెప్పాలంటే బుడ్డలు ఒలుచుకుంటూ కూర్చునేవాడు. పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఎందుకుండకూడదు అన్న ఆలోచన ఆ బెంచీ మీద వచ్చిందేనని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరుచుకుంది. ప్రపంచంలో ఈనాడు ఉన్న ఇలాంటి వినోదపు పార్కుల్లో చాలావి ఎంతోకొంత దాని చూలే. గుర్రమెక్కి తిరిగే మనిషికి రాట్నమంతా కనబడదు. పక్కన కూర్చున్న మనిషికి కనబడుతుంది. అందుకే ఈ పార్కుల్లో బెంచీ మీద కూర్చున్న గంటను పోయిన గంటగా లెక్కవేసుకోవద్దు.

డెన్మార్క్ దేశంలో కోపెన్‌హాగన్ నడిబొడ్డున టివోలీ అని ఇంకా పాత పార్కు ఉంది, 1843 నాటిది. అందులో రాట్నాలతో పాటు పూలతోటలూ ఉన్నాయి. పూలు చూసేదానికే పోయేవాళ్లున్నారు.

సరే, ఏనుగు చెవి సంగతి. ఆ తోటకు పోయినాను. ఏనుగు ఇప్పుడు పెద్దదైంది. తోటమాలి కూడా ఉన్నాడు, అప్పటి మనిషి కాదులే. నిలబడి అడిగినాను, చెవి ఎట్లా వంచుతారయ్యా అని. ఆయన కత్తెర పక్కన పెట్టి చూపించినాడు. లోపల కమ్మీతో చట్రం ఉంటుంది. రెమ్మ లేతగా ఉన్నప్పుడే దాన్ని చట్రానికి ఆనించి వదులుగా కట్టాలి. ముదిరిన రెమ్మను వంచితే విరుగుతుంది. కొత్త చిగురు బయటికి వచ్చిన ప్రతిసారీ కత్తిరిస్తూ పోతే కత్తిరించినచోట రెండు పుడతాయి, ఆకు దట్టమవుతుంది. ఒక్క చెవి నిండేదానికి ఏండ్లు పడుతుంది. "ఎవరూ అడగరమ్మా ఇది. ఫొటో తీసుకుని పోతారు" అన్నాడు. నాకు ఆ ఏడో తరగతి పిల్లవాడు కళ్లముందు నిలబడినాడు. వాడు అడగాలనుకున్నది ఇదే. నేను రెక్క పట్టి లాగకపోయుంటే వాడే అడిగేవాడు. వాడికిప్పుడు పాతికేండ్లు దాటి ఉంటాయి, ఎక్కడున్నాడో తెలియదు. ఈ మాట వాడి చెవిన పడితే, మేడమ్ ఏనుగు చెవి చూసిందని తెలిస్తే చాలు.

సాయంత్రం గేటు దగ్గర తోపులాట ఉంటుంది. దానికి ముందే ఒక అరగంట ఉంటుంది, వెలుగు తగ్గుతూ, దీపాలు ఇంకా పూర్తిగా పడకుండా. ఆ అరగంటలో మనుషులను చూడండి. పొద్దున పరుగెత్తినవాళ్లందరూ మెల్లగా నడుస్తుంటారు. తండ్రుల భుజాల మీద పిల్లలు నిద్రపోతుంటారు. కొత్తగా పెండ్లయిన జంటలు చెప్పులు చేతిలో పట్టుకుని నడుస్తుంటారు. ఒక ముసలాయన మనవడి బొమ్మ టోపీ తన తలమీద పెట్టుకుని, అది ఉన్న సంగతే మరిచిపోయి పోతున్నాడు. వాళ్లందరి మీదా నాకు ప్రేమ కలిగింది. గుంపులో ఉన్నప్పుడు పక్క గుంపు అడ్డంగా అనిపిస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు అట్లా అనిపించదు.

మన ఊర్లవాళ్ల పిల్లలు చాలామంది బెంగళూరులో ఉన్నారు కాబట్టి ఇంకొక చోటు చెబుతాను. మైసూరు రోడ్డు మీద బిడది. వండర్‌లా అనే పార్కు 2005లో అక్కడ వచ్చింది. కొచ్చిలో వీగాల్యాండ్ పెట్టిన కొచౌసెఫ్ చిట్టిలపిళ్లి పెట్టించినదే. 2016లో హైదరాబాదు పక్కన రావిర్యాల దగ్గర కూడా అదే పేరుతో ఇంకొకటి తెరిచినారు. తలకిందులుగా తిప్పే యంత్రాలు ఎక్కాలని నియమం ఏమీ లేదు. నాకు ఎక్కాలనిపించలేదు, ఎక్కలేదు. మా అమ్మాయి ఇంటి నుంచి పొద్దున్నే బయలుదేరి, బిడదిలో దిగి, తట్టె ఇడ్లీ తిన్నాను. పళ్లెమంత వెడల్పు ఇడ్లీ, పైన వెన్న. ఆ ఊరు ఆ ఇడ్లీకే పేరుపడింది. దాని తర్వాత పార్కు. అలల కొలను దగ్గర మెట్టు మీద కూర్చున్నాను. అలలు ఎప్పుడూ ఉండవు, విడతలు విడతలుగా వదులుతారు. అల వదిలినప్పుడు వందమంది ఒక్కసారిగా కేక పెడతారు. ఆగినాక నీళ్లు మెల్లగా సర్దుకుంటాయి, పిల్లలు ఎదురుచూస్తూ నిలబడతారు. ఆ ఎదురుచూసే మొహాలు చాలా బాగుంటాయి.

బిడదికి దగ్గరలోనే రామనగర. 1975లో విడుదలైన షోలే అక్కడి గుండ్ల మధ్యనే తీసినారు. ఫిల్మ్‌సిటీలో బండిని ఊపి చేయించే టాంగా అసలు పరుగెత్తింది అక్కడే. ఆ కొండలు చూస్తే ఆదోనివాళ్లకు ప్రాణం లేచొస్తుంది. గుండు మీద గుండు, ఏ క్షణాన దొర్లుతుందో అన్నట్టు. మన రణమండల కొండ చుట్టపు కొండలే అవి. మన కొండకు టికెట్టు లేదు, అందుకే మనం దాన్ని చూడడానికని ప్రత్యేకంగా పోము.

ఇంత దూరం పోలేనివాళ్లు, పోయేముందు అలవాటు చేసుకోవాలనుకునేవాళ్లు ఎమ్మిగనూరు జాతరకు ఒంటరిగా పోండి. పుష్యమాసంలో, సంక్రాంతి అటూ ఇటూగా నీలకంఠేశ్వరస్వామి జాతర వస్తుంది. తేరునాడు పొమ్మనను. ఆ రోజు అందరితో కలిసి పోవాల్సిందే, తేరు లాగాల్సిందే. తేరు అయిపోయిన నాలుగైదు రోజులకు, మధ్యాహ్నం మూడుగంటలకు పోండి. ముందు పశువుల సంత దగ్గర నిలబడండి. కోడె నోరు తెరిచి పండ్లు చూస్తారు. పాలపండ్లు పోయి రెండు పెద్ద పండ్లు వచ్చినాయంటే సుమారు రెండున్నర, మూడేండ్ల వయసు. నాలుగు, ఆరు, తర్వాత ఎనిమిదీ నిండితే అది బాగా పనికొచ్చే ఎద్దు. కొనేవాడు కోడెను నాలుగడుగులు నడిపించి, వెనక కాళ్లు ముందు కాళ్ల అడుగుల్లో పడుతున్నాయా లేదా చూస్తాడు. అమ్మేవాడు ఆ సేపంతా వేరే దిక్కుకు చూస్తాడు. పక్కనే గజ్జెలు, పలుపులు, ముకుతాళ్లు, కొమ్ములకు తొడిగే కుప్పెలు అమ్మే అంగళ్లు. ఒక రైతు మువ్వలపట్టీ చెవి దగ్గర పెట్టుకుని ఒక్కొక్క మువ్వా ఊపి వింటున్నాడు. పది పట్టీలు విని పదకొండోది తీసుకున్నాడు. ఆయనా ఒంటరిగానే వచ్చినాడు.

ఆకలైతే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి. ఇంట్లోవాళ్లకు పొట్లాలు కట్టించుకోకుండా, నిలబడి, వేడిగా, మీ ఒక్కరి కోసం తినండి. పొట్లాలు పోయేటప్పుడు కట్టించుకోవచ్చు.

తర్వాత పెద్ద రాట్నం. దీని వంశం చాలా పెద్దది. 1893లో అమెరికాలో చికాగో ప్రదర్శనకు ఫెర్రిస్ అనే వంతెనల ఇంజనీరు 264 అడుగుల ఎత్తు చక్రం కట్టినాడు. 36 పెట్టెలు, ఒక్కొక్క దాంట్లో 60 మంది. మన జాతరలో తిరిగేది దాని మనవరాలు. నా చిన్నప్పుడు కొయ్య రాట్నాన్ని మనుషులు చేతుల్తో తోసేవాళ్లు. ఇప్పుడు మోటారు తిప్పుతుంది.

పోయిన జాతరలో నేను రాట్నం ఎక్కించే పిల్లవాడిని చూస్తూ నిలబడినాను. వాడు వరసలో వచ్చినవాళ్లను వచ్చినట్టు ఎక్కించడం లేదు. కింద పెట్టెలో ఒక జంటను కూర్చోబెట్టి, చక్రం సగం తిప్పి, దానికి ఎదురుగా ఉండే పెట్టెలో ఇంకొకరిని కూర్చోబెడుతున్నాడు. మళ్లీ కొంచెం తిప్పి, మళ్లీ ఎదురు పెట్టె. బరువు అంతా ఒక పక్కకు పడితే చక్రం ఈడుస్తుంది, మోటారుకు కష్టం. మనిషిని చూడగానే బరువు అంచనా వేస్తున్నాడు, ఆదోని మార్కెట్‌యార్డులో పత్తి బోరాను చూసి తూకం చెప్పే హమాలీలాగా. విదేశాల్లో పెద్ద పార్కుల్లో ఒంటరిగా వచ్చినవాళ్లకు వేరే వరస పెడతారని చదివినాను. జంటలూ కుటుంబాలూ కూర్చోగా మిగిలిన ఒంటి సీట్లను వాళ్లతో నింపుతారు, వాళ్లు చాలాసార్లు మిగతావాళ్లకంటే ముందే ఎక్కిపోతారు.

ఆ సాయంత్రం జనం పలచగా ఉన్నారు. ఒక పెట్టెలో తల్లీ, పిల్లా కూర్చున్నారు. దానికి ఎదురు పెట్టె ఖాళీ. పిల్లవాడు చుట్టూ చూసి నన్ను పిలిచినాడు.

"అవ్వా, ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే నాయనా."

"రా అవ్వా, రా. నువ్వు కూర్చుంటే సరిపోతుంది."

ఎక్కి కూర్చున్నాను. అడ్డకమ్మీ వేసి, చేత్తో ఒకసారి లాగి చూసుకుని, చక్రం వదిలినాడు. నేను పైకి పోతుంటే తల్లీ పిల్లా కిందికి దిగుతున్నారు. వాళ్లు పైకి వస్తుంటే నేను దిగుతున్నాను. మధ్యలో రెండుసార్లు ఆ పిల్ల నాకు చెయ్యి ఊపింది. నాలుగో చుట్టులో చక్రం ఆగినప్పుడు నేను కొనన ఉన్నాను. కింద సంతలో ఎద్దుల కొమ్ముల మీద సాయంత్రపు ఎండ పడుతోంది. గుడి గోపురం కనబడుతోంది. ఊర్లో అక్కడక్కడా దీపాలు పడుతున్నాయి. ఆ రాత్రి బస్సులో నా చేతి మీద చెయ్యేసినామె ఇల్లు ఆ దీపాల్లో ఎక్కడో ఉంది.